జేజి తోమేసిన ఏనుగు

పోయిన ఆదివారం తుమ్మలపల్లె నుంచి మా చిన్నాయన వీడియో కాల్ చేసినాడు. చెనిక్కాయ చేను దున్నుతుంటే దొరికిందంట, అరచేతిలో ఓ రాగి నాణెం. "అబ్బీ, కంప్యూటర్ సదివినోడివి కదా, ఇది ఎంత పలుకుతాదో చూడు. యూట్యూబ్‌లో లక్షలు లక్షలు చెప్తాండారు" అన్నాడు.

నాణెం తళతళా మెరుస్తోంది. అక్కడే నా గుండె జారింది. ఎవరు తోమినారు అంటే, వెనక నుంచి మా జేజి గొంతు: "నేనే నాయనా. పచ్చగా చిలుము పట్టినాదని చింతపండేసి తోమినా."

ఒకవైపు ఏనుగు లీలగా కనిపిస్తోంది. రెండోవైపు నున్నగా ఉంది.

ఏనుగుంది కదా, తేల్చేయొచ్చు అనుకోకండి. శాతవాహనుల నాణేల మీదా ఏనుగుంది, టిప్పు సుల్తాన్ రాగి పైసా మీదా ఏనుగే. 1792 దాకా మన కడప సీమ మైసూరు ఏలుబడిలోనే ఉండేది మరి. ఇద్దరికీ మధ్య పదిహేను వందల ఏళ్లకు పైనే తేడా. వెనకవైపు ఉజ్జయిని గుర్తుంటే శాతవాహనులది, పారశీక లిపిలో టంకశాల పేరుంటే టిప్పుది. సరిగ్గా ఆ వైపే పోయింది.

పాతకాలంలో నాణెమంటే డబ్బొక్కటే కాదు, వాట్సాప్ స్టేటస్ కూడా. రోమ్‌లో నీరో చక్రవర్తి యుద్ధాలు ఆగాయని చెప్పుకోడానికి జేనస్ గుడి తలుపులు మూసిన బొమ్మను ఇత్తడి, రాగి నాణేల మీద కొట్టించాడు. వెస్పాసియన్ యూదయను గెలిచి, ఖర్జూర చెట్టు కింద దిగులుగా కూర్చున్న స్త్రీ బొమ్మ వేయించాడు. చదువు రానివాడికి కూడా చిల్లరతో పాటే వార్త చేతికొచ్చేది.

ఆ చిల్లర తెలుగు నేలకు పెద్దగా రాలేదు. మన సరుకులకు వాళ్లు ఇచ్చింది వెండి, బంగారం. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో ఒక్కచోటే 1,531 రోమన్ వెండి నాణేలు దొరికాయి. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్సులు లాగేస్తోందని ప్లినీ అప్పట్లోనే వాపోయాడు. మన సంతల్లో తిరిగింది మాత్రం శాతవాహనుల సీసం, రాగి నాణేలు. కొన్నిటి మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంటుంది. సముద్ర వ్యాపారం వాళ్లకెంత ముఖ్యమో చెప్పడానికి ఆ ఒక్క బొమ్మ చాలు.

చిలుము మురికి కాదు. లోహమే మారి ఏర్పడిన పొర అది. చాలాసార్లు అక్షరాల ఆకారం నిలిచేది ఆ పొరలోనే. పులుసు తగిలిందా, ఆ పొరతో పాటు అవీ పోతాయి.

అందుకే మీ ఊర్లో ఏదైనా దొరికితే తోమొద్దు, గీకొద్దు. పక్క నుంచి వెలుతురు పడేట్టు పెట్టి రెండువైపులా ఫొటో తీయండి. ఎక్కడ, ఎంత లోతులో దొరికిందో రాసుకోండి. యూట్యూబ్ చూసి అమ్మకానికి పెట్టొద్దు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, భూమిలో దొరికిన పాత సొత్తు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలపాల్సిందే.

ఇదంతా చెప్పేసరికి చిన్నాయన ముఖం వాడిపోయింది. జేజి మాత్రం ఫోన్ లాక్కుని, "ఈ మాట ముందే చెప్పకపోతివే! మీ అబ్బ నాడు దొరికినవి ఇంకో రెండు దేవుని గూట్లో ఉండాయి. వాటినీ రేపు తోమదామనుకుంటి" అంది.

శుక్రవారం రాత్రి బస్సుకు టికెట్ బుక్ చేశాను. మీరూ ఇంటికి ఫోన్ చేసినప్పుడు దేవుని గూట్లో ఏముందో ఓసారి అడగండి.