దెబ్బతిన్నవాని హక్కు

యెరూషలేమునుండి యెరికోకు దిగు త్రోవలో దొంగలచేత దెబ్బలు తిని పడియున్న మనుష్యుని కథ నెరుగని బాలుడు మన పాఠశాలలో లేడు. ఆ దొంగలేమైరో కథలో చెప్పబడలేదు. గాయములు కట్టుట, పూటకూళ్ల యింటికి చేర్చుట, మరునాడు రెండు దేనారములిచ్చుట, ఇవియే చెప్పబడినవి. మన న్యాయస్థానములలో చిరకాలము జరిగినది దీనికి విపర్యయము. నేరము ప్రభుత్వమునకు విరోధమని యెంచి ప్రభుత్వమే వాదియై నిలుచును. దెబ్బతిన్నవాడు సాక్షులలో నొకడు. దొంగకు శిక్ష పడినను వీనికి మందుల ఖర్చైన వచ్చుట యరుదు.

1985 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి బాధితుల హక్కులను గూర్చి ప్రకటన గావించెను. ప్రతి రాష్ట్రమున బాధితులకు నష్టపరిహార పథకముండవలెనను శాసనము మన దేశమున 2009 డిసెంబరు 31న అమలులోనికి వచ్చినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, దర్యాప్తు ఎంతవరకు సాగినదో 90 దినములలోపల బాధితునికి తెలుపవలెను. మాకు మిక్కిలి నచ్చినది 396వ సెక్షను: నేరస్థుడు దొరకక, విచారణయే జరుగకున్నను, బాధితుడు పరిహారమునకై జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకొనవచ్చును.

ఇన్ని యున్నను అర్జీ వ్రాయు చేయి యేది? చదువురాని కూలివాడు పోలీసు స్టేషను మెట్లయొద్దనుండియే తిరిగిపోవును. పరువు పోవునని యిరుగుపొరుగువారే వానిని వారించుటయు మేమెరుగుదుము. (పోవలసినది దొంగ పరువు గాని వీనిదేల?) పై తరగతుల విద్యార్థులు సెలవులలో ఇట్టివారికి అర్జీ వ్రాసియిచ్చిన, తలిదండ్రులలో నొకరు స్టేషనుకు తోడుపోయిన, పని సగము నెరవేరును. ఎఫ్.ఐ.ఆర్. నకలు బాధితునికి ఉచితముగా నీయవలసినదే. అది యడిగి పుచ్చుకొనక వెనుకకు రారాదు.