అమ్మ పార్సిలుకు వంద డాలర్ల గీత

మా అక్క సున్నుండల డబ్బాకు టేపు చుడుతూ అడిగింది, "దీని విలువ ఎంతని రాయాలిరా?" అని. పోస్టాఫీసు వాళ్లిచ్చిన కస్టమ్స్ ఫారం నా చేతిలో ఉంది. లోపల ఏముంది, ఎంత బరువు, ఎంత విలువ అని గడులు. అక్క కూతురు కాపురం డల్లాస్‌లో. ఏడేళ్లుగా వేసవిలో ఆవకాయ, దీపావళికి పిండివంటలు వెళ్తూనే ఉన్నాయి. ఇన్నేళ్లలో ఆ ఫారం అక్క కంటపడలేదు. కొరియర్ దుకాణంలో కుర్రాడే నింపేవాడు. ఒక్కసారి తప్ప, ఏం రాశాడని అడగాల్సిన అవసరమూ రాలేదు.

2025లో మళ్లీ వచ్చింది. 2016 నుంచి అమెరికాకు 800 డాలర్లలోపు సరుకు ఏ దేశం నుంచి వచ్చినా సుంకం ఉండేది కాదు. అంతకు ముందు ఆ హద్దు 200 డాలర్లు. హద్దు పెంచాక ఆన్‌లైన్ దుకాణాలు, ముఖ్యంగా చైనావి, ఆ దారిన వరదలా వచ్చిపడ్డాయి. 2015లో అలా వెళ్లిన పొట్లాలు 13 కోట్ల 40 లక్షలైతే 2024లో 136 కోట్లు. చైనా, హాంకాంగ్ సరుకుకు ఆ వెసులుబాటు 2025 మే 2న, మిగతా ప్రపంచానికి ఆగస్టు 29న తీసేశారు. దానికి రెండు రోజుల ముందే మన దేశపు సరుకు మీద సుంకం 50 శాతానికి చేరింది.

ఆ సుంకాన్ని పార్సిలు గమ్యం చేరకముందే వసూలు చేసి కట్టాలన్నారు. ఎవరు వసూలు చేయాలో, ఎలా జమ చేయాలో తేలకముందే గడువు ముంచుకొచ్చింది. మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి పార్సిళ్లు ఆపింది, నెలాఖరుకల్లా ఉత్తరాలూ చిన్న కానుకలూ ఆగిపోయాయి. మనమే కాదు, 88 తపాలా సంస్థలు సేవలు పూర్తిగానో కొంతవరకో నిలిపివేశాయని విశ్వ తపాలా సంఘం చెప్పింది. ఆగస్టు 29న అమెరికాకు వెళ్లిన తపాలా వారం కిందటితో పోలిస్తే 81 శాతం పడిపోయింది. ఆ నెలన్నర అక్క ఇంట్లో మినుములు అలాగే ఉన్నాయి. దీపావళికి అయిదు రోజుల ముందు, అక్టోబరు 15న, సేవలు మళ్లీ మొదలయ్యాయి. అప్పుడు పెట్టిన పద్ధతి ఏమిటంటే, ఫారంలో రాసిన విలువలో సగం సుంకంగా ఇక్కడే, బుకింగ్ కౌంటర్లోనే కట్టేయాలి. 18 వేల రూపాయల పట్టుచీర పంపాలంటే తపాలా ఖర్చు కాక తొమ్మిది వేలు అయ్యేది.

ఇంత గందరగోళంలో ఒక సంగతి మరుగున పడింది. దాన్ని చెప్పడానికే ఈ వారం కూర్చున్నాను. కానుకలకు వేరే మినహాయింపు ఉంది, దాన్ని ఎవరూ తీసేయలేదు. ఒక మనిషి ఇంకో మనిషికి డబ్బు తీసుకోకుండా పంపే కానుక, విలువ వంద డాలర్లు దాటకపోతే, సుంకం లేకుండానే వెళ్తుంది. ఒకే మనిషికి ఒకే రోజు అందేవన్నీ కలిపి ఆ వంద. అది దాటితే పైమొత్తానికే కాదు, అంతటికీ సుంకం పడుతుంది. మద్యం, పొగాకు దీని కిందికి రావు. ఒకే పెట్టెలో అమ్మాయికి, అల్లుడికి, మనవరాలికి వేరువేరుగా పొట్లాలు కట్టి, ఎవరి పేరు వాళ్ల పొట్లం మీద, దేని విలువ దాని మీద రాస్తే, ఎవరి వంద డాలర్లు వాళ్లవే. పైన ఫారంలో కానుక అని స్పష్టంగా రాయాలి. అంతే. ఇంత చిన్న సంగతి తెలియక ఎంతమంది తల్లులు పార్సిలు మానుకున్నారో తలుచుకుంటే నాకు కష్టంగా ఉంది.

తినుబండారాల విషయంలో ఇంకో మేలు ఉంది. 2003 డిసెంబరు నుంచి, విదేశం నుంచి వచ్చే ఆహారం గురించి అమెరికా ఆహార, ఔషధ సంస్థకు ముందే తెలపాలి. మిఠాయి కొట్లో కొన్న పూతరేకులకు ఆ నియమం వర్తిస్తుంది. ఒక మనిషి తన ఇంట్లో స్వయంగా వండి, తనవాళ్లకు కానుకగా పంపే వంటకానికి వర్తించదు. ఇది చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఎక్కడో వాషింగ్టన్‌లో కూర్చుని నిబంధనలు రాసినవాళ్లకు కూడా ఇంటి వంటకూ కొట్టు సరుకుకూ తేడా తోచిందన్నమాట. కోడి, మాంసం పచ్చళ్లు మాత్రం ఎవరి చేతివైనా పంపకూడదు. అది జంతురోగాల భయంతో పెట్టిన నియమం.

ఈ మినహాయింపులను మనకు అందకుండా చేస్తున్నది చాలాసార్లు అబద్ధపు ఫారమే. మూడేళ్ల కిందట మేమూ ఆ పని చేశాం. చేశామనే అంటాను, ఎందుకంటే దుకాణం అతను "నేను చూసుకుంటాలెండి" అంటే మేం తలూపాం. మేనకోడలి సీమంతానికి పంపిన 22 వేల చీరను అతను 15 డాలర్ల నూలు గుడ్డ అని రాశాడు. ఆ పెట్టె దారిలో పోయింది. నష్టపరిహారం అడిగితే, రాసిన విలువే లెక్క అని 15 డాలర్లు చేతిలో పెట్టారు. అక్క ఆ చీర కోసం ఏడాదిపాటు చీటీ కట్టింది. సుంకం ఎగ్గొట్టడం పెద్ద నేరంలా మనకు అనిపించదు, అందరూ చేసేదే కదా అనుకుంటాం. కానీ విప్పి చూసినప్పుడు జరీ చీర బయటపడితే, సంజాయిషీ చెప్పుకోవాల్సింది దుకాణం అతను కాదు. ఆ దేశంలో వీసా మీద బతుకుతున్న పిల్ల.

అమెరికా ఒక్కటే కాదు. బ్రిటన్‌లో కానుక 39 పౌండ్లు దాటితే 20 శాతం వ్యాట్. 60 పౌండ్ల చీర పంపితే పన్ను కనీసం 12 పౌండ్లు, దాన్ని వసూలు చేసి పెట్టినందుకు అక్కడి తపాలా సంస్థ తీసుకునేది మరో 8. కానుక అందుకున్నవాళ్లు 20 పౌండ్లు కట్టి విడిపించుకోవాలి. జర్మనీ సహా యూరోపియన్ యూనియన్‌లో కానుక హద్దు 45 యూరోలు. గల్ఫ్ సంగతి వేరు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి వెళ్లినవాళ్లకు మూటలు చాలావరకు మనుషుల చేతనే అందుతాయి. అక్కడ సుంకం కన్నా పెద్ద భయం గసగసాలు. యూఏఈలో అవి నిషిద్ధం. మనింట్లో కూరలో వేసే చారెడు గింజల కోసం అక్కడ జైలు పాలయ్యే ప్రమాదం ఉంది. ఎవరైనా మూట ఇస్తే విప్పి చూసుకోకుండా తీసుకెళ్లవద్దని ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

మళ్లీ ఆ వంద డాలర్ల దగ్గరికి వస్తాను. ఆ హద్దు పెట్టింది 1993లో. అప్పుడు డాలరు 31 రూపాయల దగ్గర ఉండేది. అప్పటి నుంచి అక్కడా ఇక్కడా అన్నిటి ధరలూ మారాయి, ఆ వంద మాత్రం కదల్లేదు. అమెరికాలో కాపురముంటున్న మనిషి పుట్టింటికి వచ్చి తిరిగి వెళ్తూ తనతో తీసుకెళ్లే వాటికి 800 డాలర్ల దాకా మినహాయింపు ఇప్పటికీ ఉంది. అదే చీర అమ్మ పెట్టెలో పెట్టి పంపితే వంద. ఎగిరి రాగలిగినవాళ్లకు ఎనిమిది వందలు, వీసా చిక్కుల వల్లో సెలవు దొరక్కో రాలేనివాళ్లకు వంద. ఇది న్యాయం కాదు. చైనా దుకాణాలను అదుపు చేయాలంటే చేయండి, అమ్మకపు సరుకునూ అమ్మ పంపిన కానుకనూ వేరుచేసే మాట ఆ చట్టంలో ముందునుంచీ ఉంది. ఆ హద్దు పెంచమని అడగాల్సింది అక్కడ ఓట్లున్న మన వాళ్లే. తానా, ఆటా వంటి అమెరికా తెలుగు సంఘాలు మహాసభలకు పెట్టే శ్రద్ధలో కొంత దీని మీద పెట్టి, తమ ప్రతినిధుల గడప తొక్కాలి.

మన తపాలా శాఖను అడిగేది ఇంకా చిన్నది. పార్సిలు కౌంటర్ పక్కన తెలుగులో ఒక కాగితం అతికించండి. కానుక హద్దు ఎంత, పొట్లాలు ఎలా కట్టాలి, విలువ ఎలా రాయాలి. పది వాక్యాలు చాలు.

ఆ రోజు అక్కా నేనూ కూర్చుని లెక్క వేశాం. మినప్పప్పు, బెల్లం, నెయ్యి, డబ్బా అన్నీ కలిపి 1,150 రూపాయలు. కారప్పొడి 300. మనవరాలి గాజులు 240. మూడు పొట్లాలు కట్టి, మూడింటి మీదా పేర్లు అక్కే తన చేత్తో రాసింది. రసీదులో సుంకం దగ్గర సున్నా ఉంది. దాన్ని అక్క రెండుసార్లు చూసుకుంది. దీపావళికి కొన్న పట్టుచీర మాత్రం ఇంకా బీరువాలోనే ఉంది, పిల్ల ఎప్పుడొస్తుందో తెలియదు.