మీరెంతమంది?

"మీరెంతమంది పిల్లలమ్మా?"

కొత్తగా పరిచయమైన వాళ్లు మామూలుగా అడిగే ప్రశ్నే. నరసరావుపేటలో డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్లో పక్క మంచం అమ్మాయి అడిగితే "ఒక్కదాన్నే" అనేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అబద్ధమాడినందుకు కాదు, అంత తేలిగ్గా ఆడగలిగినందుకు. గురజాల దగ్గర మా పల్లెలో నాకంటే రెండేళ్లు చిన్నవాడు తమ్ముడున్నాడు మరి!

పుట్టగానే వాడు ఏడవలేదట. మెదడుకు ప్రాణవాయువు సరిగా అందక సెరిబ్రల్ పాల్సీ వచ్చిందని డాక్టరు చెప్పేసరికి రెండేళ్లు నిండాయి. పట్టుకుంటే నడుస్తాడు. మాట తేలదు. "అక్కా" అనబోయి "అచ్చా" అంటాడు. ఊళ్లో వాళ్లకు మాత్రం నేను "ఆ పిచ్చోడి అక్క"ని.

అమ్మ ఒడి ఎప్పుడూ వాడిదే. వాడి చేత నాలుగు ముద్దలు మింగించడానికే గంట పట్టేది, ఆమె మాత్రం ఏం చేస్తుంది? నా జడ పక్కింటి పిన్ని వేసేది. "మా పెద్దది బంగారం, ఏదీ అడగదు" అని అమ్మ అందరితో మురిసిపోతూ చెప్పేది. నేను బంగారాన్నేం కాదు. అడగడానికి ఆ ఇంట్లో నాకు సందు దొరకలేదంతే.

ఓ శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లాం. జనంలో ప్రభలు కనపడక "నాన్నా, నన్నెత్తుకో" అన్నాను. నాన్న భుజాల మీద తమ్ముడున్నాడు. "నీకు కాళ్లున్నాయి గదమ్మా" అన్నాడు నాన్న. నిజమే. కానీ నాకూ లేకపోతే బాగుండేదని ఆ క్షణాన అనుకున్నాను. ఎనిమిదేళ్ల పిల్ల అలా అనుకుందని పెద్దవాళ్లకేం తెలుసు?

పెళ్లిచూపుల నాడు మధ్యవర్తి సలహా మీద వాణ్ణి పిడుగురాళ్లలో మేనత్త ఇంటికి పంపేశారు. కొత్త చొక్కా తొడిగారని సంబరపడుతూ బస్సెక్కాడు. పెళ్లికీ తీసుకురాలేదు. నేను నోరు మెదపలేదు. ముందే చెబితే ఈ సంబంధం కుదిరేదో లేదో నాకిప్పటికీ తెలీదు. బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడని, చాపకూడు మా పల్నాడు గొప్పేనని పిల్లలకు చెప్పుకుంటాం. అదే గడ్డ మీద నా పెళ్లి పంక్తిలో నా తోడబుట్టినవాడికి విస్తరి వెయ్యలేదు.

నాన్న పోయాడు. అమ్మకు అరవై ఐదు దాటాయి. ఈ సంక్రాంతికి వాడి బ్యాంకు పుస్తకం నా చేతిలో పెట్టి, "నేనున్నన్నాళ్లు చూస్తా, తర్వాత దేవుడున్నాడు" అంది. చూపు మాత్రం నా మీదే ఉంది.

ఇలాంటి ఇళ్లన్నిట్లో జరిగేది ఇదే. ఎవరూ నోరు తెరిచి అడగరు. తోబుట్టువు కొడుకైతే భారం కోడలి మీద పడుతుంది. కూతురైతే "పరాయింటి పిల్ల, ఎట్లా అడుగుతాం" అంటారు, లోపల మాత్రం ఆశ పెట్టుకుంటారు. 2024 నుంచి మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను నెలకు 6000 అయిందిగా అంటారు కొందరు. మంచిదే. కానీ వాడికి గడ్డం గీసేదెవరు? జ్వరమొస్తే కనిపెట్టేదెవరు?

చాలామంది తల్లులకు తెలియని సంగతొకటి. పిల్లవాడికి 18 నిండాక చట్టం దృష్టిలో కన్నతల్లి కూడా దానంతటదే సంరక్షకురాలు కాదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్ల కోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. దాని ప్రకారం జిల్లాలో కలెక్టరు ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకుంటే సంరక్షకుల్ని నియమిస్తారు. తోబుట్టువులూ అందుకు అర్హులే. 2022 ఏప్రిల్లో పల్నాడు జిల్లా అయ్యాక కలెక్టరేట్ నరసరావుపేటలోనే ఉంది, గుంటూరు దాకా తిరగనక్కర్లేదు. అమ్మా నేనూ ఆ కాగితాల మీద కూర్చున్నాం. మా ఆయన్నీ కూర్చోబెట్టాను. ఎవరు ఎంతవరకు చెయ్యగలరో మొహమాటం లేకుండా మాట్లాడుకున్నాం. మా ఇంట్లో అలాంటి మాట అనుకోవడం అదే మొదటిసారి. ఇరవై ఏళ్ల కిందే అనుకుని ఉంటే, నాన్న కూడా ఉండేవాడు.

అలాంటి బిడ్డ ఉన్న తల్లులకు ఒక్క మనవి. రెండో బిడ్డను రోజుకు పావుగంటైనా ఒంటరిగా దగ్గరికి తీసుకోండి. అక్కకో అన్నకో ఏం జబ్బో దాని పేరుతో సహా చెప్పండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి, అదేం పాపం కాదు. రేపటి బాధ్యత గురించి అడిగే అడగండి. "కుదరదు" అన్నా వినండి. ఇష్టపడి మోసే బరువు వేరు, నోరు నొక్కి నెత్తిన పెట్టిన బరువు వేరు. చుట్టాల ముందు మాత్రం ఏ బిడ్డనూ దాచకండి. దాచడం నేర్చుకున్న పిల్ల హాస్టల్లో "ఒక్కదాన్నే" అంటుంది.

మొన్న మా వీధిలోకి కొత్తగా వచ్చినావిడ అడిగింది, మీరెంతమంది అని. "ఇద్దరం. నాకో తమ్ముడు" అన్నాను. "ఏం చేస్తుంటాడు?" అంది. కూర్చోమని, కాఫీ ఇచ్చి, అంతా చెప్పాను.