కార్స్కీ ప్రతిమ

అమెరికా రాజధానియగు వాషింగ్టనులో, జార్జిటౌను విశ్వవిద్యాలయమున, చదరంగపు పలక చెంత బల్లపైఁ గూర్చుండినట్లు పోలెండు దేశీయుఁడగు యాన్ కార్స్కీ కంచు ప్రతిమ కలదు. ఆయన యచ్చట దాదాపు 40 సంవత్సరములు బోధించి 2000లో గతించెను. ప్రతిమ 2002లో వెలసినది. గురువున కీ గౌరవము తగినదే. కాని యా నగరము ఆయనకుఁ బడిన ఋణము వేఱు. పోలెండు రహస్యోద్యమ దూతగా ఆయన 1942లో వార్సాయందలి యూదుల నిర్బంధవాటికను రెండు మాఱులు రహస్యముగఁ జొచ్చి, యా ఘోరమును గన్నులారఁ జూచి, 1943 జూలైలో ఆ నగరముననే అధ్యక్షుఁడగు రూజ్వెల్టునకు విన్నవించెను. సుప్రీముకోర్టు న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టరు, తాను యూదుఁడయ్యును, నమ్మఁజాలననెను. బాధితుల రక్షణకై అమెరికాలో నొక మండలి యేర్పడుసరికి 1944 జనవరి వచ్చినది. అప్పటికిఁ బోలెండు యూదులలో నత్యధికులు హతులైరి! ప్రతిమ ప్రక్కఁ గూర్చుండు విద్యార్థులకు, కార్స్కీ ధైర్యముతోఁబాటు, విని యూరకున్న పెద్దల కథయుఁ జెప్పవలయును.