ఆరు నెలల సూది

పంజాగుట్ట నిమ్స్ మొదట ఎముకల ఆసుపత్రే. అయినా విరిగిన ఎముకకు జరిగే హడావుడి గుల్లబారుతున్న ఎముకకు జరగదు. నొప్పే లేనప్పుడు సూది ఎందుకని పెద్దవాళ్లు అడగడం సహజమే. గుల్లబారే ఎముకకు ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ సూది, 2009లో ఫలితాలు వెలువడిన ఫ్రీడమ్ అనే ఔషధ పరీక్షలో, మూడేళ్లలో వెన్నుపూసలు విరగడాన్ని 68 శాతం తగ్గించింది. మానేస్తే మాత్రం ఆ లాభం నెలల్లోనే కరిగిపోతుంది. ఒకటికి మించి వెన్నుపూసలు విరగనూవచ్చు. ఇంత చెబితే అసలు మొదలే పెట్టరన్నది ఒక అభ్యంతరం. చెప్పకపోతే మధ్యలో మానేస్తారు, అది ఇంకా ప్రమాదం. ఖర్చు మోయలేనివాళ్లకు, ఆపేముందు జొలెడ్రోనిక్ యాసిడ్ లాంటి మందుకు మారే దారి ఉందని మొదటిరోజే చెప్పాలి. తర్వాతి తేదీని చీటీమీద పెద్ద అక్షరాలతో రాసి, వారం ముందే ఇంటివాళ్లకు ఫోన్ చేయడానికి పెద్ద బడ్జెట్టేమీ అక్కర్లేదు.