కడలికి ఎల్లలు లేవు

2004 డిసెంబరు 26వ తేదీ ఉదయం ఇండోనేషియాలోని సుమత్రా దీవి సమీపాన సముద్రగర్భంలో మహాభూకంపం సంభవించింది. అక్కడ లేచిన సునామీ కెరటాలు సుమారు రెండు గంటల తరువాత మన తూర్పు తీరాన్ని తాకాయి. ఆ వ్యవధిలో ఎందరినో కాపాడుకోగలిగేవారమే. కాని హిందూ మహాసముద్రానికి హెచ్చరిక వ్యవస్థే లేదు. తీరదేశాలన్నింటా కలిపి రెండు లక్షలకు పైగా జనం మృత్యువాత పడ్డారు. పసిఫిక్ తీరదేశాలు మాత్రం 1965 నుండే అటువంటి వ్యవస్థను ఉమ్మడిగా నడుపుకుంటున్నాయి.

ఆ విషాదం కళ్లు తెరిపించింది. యునెస్కో ఆధ్వర్యంలో 2005లో హిందూ మహాసముద్ర దేశాల సమష్టి కృషి ఆరంభమైంది. 2007లో మన ప్రభుత్వం హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రాన్ని నెలకొల్పింది. 2011 నుండి భారత్, ఆస్ట్రేలియా, ఇండోనేషియా కేంద్రాలు ఈ ప్రాంతమంతటికీ సమాచారం అందిస్తున్నాయి. పరికరాలు ఎవరి దేశానివి వారివి. అవి తెలిపే సమాచారం అందరిదీ.

"పొరుగువారి రక్షణకు మన ధనమెందుకు?" అని కొందరు ప్రశ్నించవచ్చు. సుమత్రా తీరంలో నీటిమట్టాన్ని కొలిచే పరికరం పనిచేస్తేనే మన మత్స్యకారునికి వేళకు కబురందుతుంది. కనుక దీనిని దానమనుకోరాదు. ఊరుమ్మడి చెరువుగట్టుకు ప్రతి రైతూ మోసే తట్టెడు మట్టి వంటిది ఇది.

అయితే సునామీ తరచుగా రాదు. జ్ఞాపకం మసకబారిన కొద్దీ ఖర్చు దండగనిపిస్తుంది. ఉప్పునీటిలోని పరికరాలు మరమ్మతులు లేక మూగబోతాయి. గట్టు బలహీనమైనదని వరదనాడు తెలిసి ప్రయోజనమేమి? అందుచేత ప్రభుత్వాలు తమ వాటాను ఏటేటా తప్పక చెల్లించాలి. హెచ్చరిక తీరంలోని చివరి గుడిసె వరకు చేరేటట్లు చూడాలి.