అక్కడి పరీక్ష, ఇక్కడి పాఠం

తిరుమలగిరి, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడినవారు మన కుటుంబాల్లోనూ ఉన్నారు. గ్రీన్‌కార్డుతో సాధారణంగా ఐదేళ్ళు గడిపాక అక్కడి పౌరసత్వం కోరేవారు ఆ దేశ చరిత్ర, ప్రభుత్వ విధానాలపై నోటి పరీక్ష ఇవ్వాలి. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసేవారికి ఈ పరీక్ష మరింత పెరిగింది. 128 ప్రశ్నల పట్టికలోంచి 20 దాకా అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. వయసు 55 దాటి, గ్రీన్‌కార్డుతో పదిహేనేళ్ళు అక్కడున్న పెద్దలు దుబాసీ సాయంతో తెలుగులోనో ఉర్దూలోనో జవాబు చెప్పవచ్చు. కొడుకుల దగ్గర ఉంటున్న అమ్మీ అబ్బాలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఐరోపావారు రాకముందు ఆ నేల మీద ఎవరున్నారు, బానిసలుగా తెచ్చి అమ్మింది ఎవరిని అన్నవి కూడా అందులోని ప్రశ్నలే. పౌరుడు కాబోయేవాడి చేత తమ తప్పులను కూడా చదివించడం మెచ్చుకోదగ్గది. మనవారికి ఈ అవకాశం ఊరికే రాలేదు. భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని 1923లో భగత్‌సింగ్ థిండ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. 1946లో చట్టం మారాకే తలుపు తెరుచుకుంది.

అమెరికా పౌరసత్వం తీసుకున్నవారికి భారత పౌరసత్వం పోతుంది. ఓసీఐ కార్డుతో రాకపోకలు సులువవుతాయిగానీ ఇక్కడ ఓటు ఉండదు. అంతటి నిర్ణయం తీసుకునే బిడ్డ, తాను వదులుకుంటున్న పౌరసత్వం తన ఇంటికి ఎలా వచ్చిందో తెలుసుకోవద్దా?

మన తాతలు ఏ దేశానికీ వలస పోలేదు. ఏ పరీక్షా రాయలేదు. ఇల్లు కదలకుండానే దేశం మారింది. 1948 సెప్టెంబరు 17 వరకు వారు నిజాం ప్రజలు. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి రావడంతో భారత పౌరులయ్యారు. ఆ మధ్యకాలం గురించి మన ఇళ్ళలో పెద్దలు నోరు విప్పింది తక్కువ. రజాకార్లంటే అందరూ మన వాళ్ళేనని ఎవరైనా అన్నప్పుడు మన పిల్లలు జవాబు దొరక్క తల దించుకోవడానికి కారణం ఆ మౌనమే.

జవాబు దూరాన లేదు. తిరుమలగిరి నుంచి జనగామ వెళ్ళే దారిలో కామారెడ్డిగూడెం ఉంది. ఆ ఊరి పేద రైతు షేక్ బందగీ తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి బలాన్ని లెక్కచేయక కోర్టుకెక్కాడు. 1940 జూలైలో దొర మనుషులు ఆయనను దారికాచి చంపారు. కులమతాలు చూడకుండా జనం ఆయనను తమవాడనుకున్నారు. 'మా భూమి' నాటకానికి ప్రేరణ ఆయన కథే. తెలంగాణ రైతాంగ పోరాటం గురించి చెప్పేవారు బందగీ పేరు చెప్పకుండా ముందుకు పోలేరు. మనం మాత్రం ఎందుకో మరిచిపోయాం.

'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ హైదరాబాదు భారతదేశంలో చేరాలని రాశాడు. 1948 ఆగస్టులో రజాకార్లు ఆయన చేయి నరికి ప్రాణం తీశారు. అదే నెలలో బైరాన్‌పల్లిలో వారు సాగించిన హత్యాకాండను కూడా మన పిల్లలకు దాచకుండా చెప్పాలి. అలాగే పోలీసు చర్య తర్వాత జరిగిన హింసలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని పండిట్ సుందర్‌లాల్ బృందం అంచనా వేసింది. ఆ నివేదిక 2013 దాకా జనానికి అందలేదు. ఒకటి చెప్పి ఇంకొకటి మింగేస్తే అది చరిత్ర కాదు, కక్ష.

సెలవులకు వచ్చిన మనవళ్ళను చార్మినార్ చూపించడానికి ఎలాగూ తీసుకువెళతారు. ఒక పూట కామారెడ్డిగూడెం కూడా తీసుకువెళ్ళండి. బందగీ సమాధి రోడ్డు పక్కనే ఉంది.